బతికున్న నీళ్ళు

ఆ ఇంట్లోకి అడుగుపెడితే ముందు కనిపించేది మనుషులు కాదు, సీసాలు. కిటికీ గట్టు మీద సీసాలు, బీరువా నెత్తిన సీసాలు, స్నానాల గదిలో సీసాలు, ఆఖరికి మంచం కింద కూడా అవే. ఒకదాంట్లో కలబంద గుజ్జు, ఒకదాంట్లో తేనెమైనం కరిగించి చేసిన పెదాల పూత, ఇంకోదాంట్లో అంట్లు తోమడానికి కుంకుడు పులుసు. తక్కిన వాటన్నిట్లో పండ్ల తొక్కలు బెల్లంతో పులియబెట్టిన నీళ్ళు. ఇంట్లో ఉండేది అక్కాచెల్లెళ్ళిద్దరే, సీసాలన్నీ అక్కవి. వీధిలో వాళ్ళు ఆవిడని వెనకాల 'తొక్కలావిడ' అనేవాళ్ళు. ఆ సంగతి ఆవిడకి తెలుసు. తెలిసినా లెక్కచేసే రకం కాదు.

ఆవిడ పిచ్చికి కారణం లేకపోలేదు. ఇరవై రెండేళ్ళు బ్యూటీ పార్లర్‌లో పనిచేసింది. ఉంగరాల జుట్టు సాగదీసే మందు, తెల్లజుట్టుకి రంగు, గోళ్ళ రంగు చెరిపే మందు, అన్నీ ఆ రెండు చేతుల మీదుగా పోవలసిందే. వేళ్ళ సందుల్లో చర్మం పగిలి నెత్తురు చిమ్మేది. ఊపిరి తీస్తే పిల్లికూతలు. చేతి తొడుగులు అడిగితే, "అవేసుకుంటే కత్తెరేం పట్టుకుంటావు?" అనేది ఓనరమ్మ. ఒకరోజు ఏప్రన్ విప్పి ఆవిడ చేతిలో పెట్టి వచ్చేసింది. ఇంట్లో ఉన్న షాంపూలు, సబ్బులు, ఫినాయిలు, పౌడర్లు మూటగట్టి బయట పారేసింది. ఆరు నెలలు తిరిగేసరికి పిల్లికూతలు పోయాయి. చేతులు నున్నగా తయారయ్యాయి. అక్కడితో ఆగి ఉంటే ఎంత బాగుండేది. మనిషికి ఒక్కసారి మేలు జరిగితే చాలు, ఇక అన్ని రోగాలకీ అదే మందనుకుంటాడు.

చెల్లెలు బళ్ళో లెక్కల టీచరు. పెళ్ళిళ్ళు ఇద్దరికీ కలిసిరాలేదు, ఒకరికొకరు మాత్రం కలిసొచ్చారు. అక్కని ఆటపట్టించే హక్కు లోకంలో చెల్లెలికి ఒక్కతెకే ఉండేది. అక్క సీసాల మీద పేర్లు రాయదు. చెల్లెలు కళ్ళు మూసుకుని, మూత తీసి, ఒక్కసారి ముక్కు దగ్గర పెట్టుకుని చెప్పేసేది.

"ఇది బత్తాయి. ఇది నిమ్మ. ఇదేమో నారింజ, ఇందులోకి రెండు నిమ్మతొక్కలు దొర్లాయి. ఇంటి టీచరమ్మా, నాకెన్ని మార్కులు?"

"ముక్కు కాదే అది, పరీక్షల లాబు," అని మురిసిపోయేది అక్క.

ఆ నీళ్ళంటే అక్కకి మహా గర్వం. తొక్కలు మూడు వంతులు, బెల్లం ఒక వంతు, నీళ్ళు పది వంతులు. మూడు నెలలు ఓపిక పట్టాలి. మొదట్లో రోజూ మూత వదులు చేస్తే బుస్సుమని గాలి బయటకొస్తుంది. చూడ్డానికొచ్చిన వాళ్ళకి ఆ బుస్సు వినిపించి మరీ చెప్పేది: "విన్నారా? కొట్లో అమ్మేది చచ్చిన నీళ్ళు. ఇవి బతికున్న నీళ్ళు."

అలాంటి ఇంట్లో చెల్లెలికి రక్తానికి క్యాన్సర్ వచ్చింది. ఆసుపత్రిలో మందులు ఎక్కించారు. జుట్టు రాలింది, నోరు పూసింది. మాటిమాటికీ సూది గుచ్చకుండా మోచేతి పైన సన్నని గొట్టమొకటి పెట్టి, దాన్ని చూసుకోమని ఇంటికి పంపారు. పంపేముందు పెద్ద నర్సు అక్కని కూర్చోబెట్టి చిలక్కి చెప్పినట్టు చెప్పింది.

"ముందు ఈ లిక్విడ్‌తో చేతులు కడుక్కోవాలి. తర్వాత ఈ ప్యాకెట్లో స్పిరిట్ గుడ్డతో గొట్టం మూతి తుడవాలి. పదిహేను లెక్కపెట్టేదాకా తుడవాలి. ఆరాక ఈ ఉప్పునీళ్ళు సిరంజితో లోపలికి పంపాలి. ఆవిడ ఒంట్లో తెల్లకణాలు లేవమ్మా. కాపలా లేని ఇల్లనుకోండి. మూతి దగ్గర ఏముంటే అది తిన్నగా గుండెకి పోతుంది."

తొమ్మిది రోజులు అక్క చెప్పింది చెప్పినట్టు చేసింది. ఆవిడ తుడుస్తుంటే చెల్లెలు లెక్కపెట్టేది, ఒకటి నుంచి పదిహేను దాకా, బళ్ళో పిల్లలకి ఎక్కాలు చెప్పినట్టు. పదో రోజుకి గొట్టం చుట్టూ చర్మం ఎర్రగా కమిలి దద్దుర్లు తేలాయి. చెల్లెలు మండుతోందంది.

"మండదూ మరి? ఇప్పటికే ఒంట్లోకి డ్రమ్ముడు విషం పోశారు. పైనుంచి ఇదొకటి," అంది అక్క.

"డాక్టరుకి ఫోన్ చేద్దాంలే. అందాకా నర్సమ్మ చెప్పినట్టే చెయ్యి అక్కా."

"ఫోన్ చేస్తే ఇంకో విషం రాస్తాడు."

"రాయనీ. నువ్వు డాక్టరువి కాదు కదా."

ఆ మాట అక్కకి ముల్లులా దిగింది. తన చేతుల వంక చూసుకుంది. ఒకప్పుడు ఆ చేతులూ ఇలాగే కమిలేవి. వాటిని ఏ డాక్టరు బాగుచేశాడు? తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే మనిషితో వాదించి ప్రయోజనం లేదు. ఆవిడ మాత్రం తనతో తాను కూడా వాదించుకోలేదు. ఫోన్ చెయ్యనూ లేదు.

మర్నాడు పొద్దున వంటింట్లో దూది చిన్న చిన్న ముక్కలు చేసింది. కిటికీ గట్టు మీది సీసా ఒకటి తీసి, ఆ నీళ్ళు సన్నని గుడ్డలో రెండుసార్లు వడకట్టి, దూదిని అందులో తడిపి స్టీలు డబ్బాలో సర్దింది. చెల్లెలికి చెప్పదలచుకోలేదు. కనిపెడుతుందన్న భయమూ లేదు. మందుల దెబ్బకి నోటికి రుచి పోయింది, "ముక్కు కూడా సెలవు పెట్టిందక్కా" అని చెల్లెలే ఎన్నిసార్లో చెప్పింది.

"స్పిరిట్ గుడ్డలు ఈసారి డబ్బాలో వేసిచ్చారు," అంది అక్క, అటు తిరిగి మూత తీస్తూ. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగడమంటే ఇదే.

చెల్లెలు లెక్కపెట్టడం మొదలుపెట్టింది. ఏడు దగ్గర ఒక్క క్షణం ఆగింది. దగ్గు వచ్చిందేమోనని అక్క తలెత్తి చూసింది. చెల్లెలు ఆవిడ మొహంలోకి చూసి, "ఎనిమిది," అంది. పదిహేను దాకా పూర్తిచేసింది.

నాలుగు రోజుల్లో ఎరుపు తగ్గింది. దద్దుర్లు అణిగాయి. అక్క సంబరం చూడాలి. ఎవరితోనూ చెప్పుకోలేని సంబరం. అంట్లు తోముతూ కూనిరాగాలు తీసింది. నెలల తర్వాత ఆ ఇంట్లో కూనిరాగం వినిపించడం అదే మొదలు. మంచం మీది నుంచి చెల్లెలు వింటూ పడుకుంది.

దూది మార్చిన పన్నెండో రోజు ఉప్పునీళ్ళు లోపలికి పంపిన పావుగంటకి చెల్లెలికి వణుకు పుట్టింది. మామూలు వణుకు కాదు, మంచం కాళ్ళు నేల మీద టకటకలాడాయి. మూడు దుప్పట్లు కప్పినా ఆగలేదు. ఆసుపత్రికి చేరేసరికి ఒళ్ళు పెనంలా కాలిపోతోంది.

డాక్టరు గొట్టం చూశాడు, చుట్టూ చర్మం చూశాడు. "రక్తంలోకి ఇన్ఫెక్షన్ పాకింది. అది ఏ క్రిమో పరీక్షలో తేలడానికి మూడు రోజులు పడుతుంది. ఈలోపు అందాజు మీద మందివ్వాలి, అందుకే అడుగుతున్నాను. గొట్టం తుడవడానికి మేమిచ్చినవి కాక ఇంకేమైనా వాడారా?"

నిజం చెబితే ఇక తనని చెల్లెలి దగ్గరికి రానివ్వరు. తన సీసాలు, తన నున్నటి చేతులు, ఇన్నేళ్ళ తన బతుకు ఒక్క మాటతో బూడిదలో పోసిన పన్నీరవుతుంది.

"లేదండీ. మీరిచ్చినవే," అంది అక్క.

చెల్లెలు కళ్ళు తెరుచుకునే ఉంది. పైకప్పు వంక చూస్తోంది. డాక్టరు మామూలుగా ఇచ్చే మందు రాసి వెళ్ళాడు.

మొదటి రోజు జ్వరం దిగలేదు. రెండో రోజూ దిగలేదు. మూడో రోజు పొద్దున బట్టలు తేవడానికి అక్క ఇంటికెళ్ళింది. కిటికీ గట్టు మీద ఆ సీసా అలాగే ఉంది. మూత తిప్పితే బుస్సుమంది. నీళ్ళ పైన తెల్లటి మీగడలాంటి పొర కట్టి ఉంది. ఆ పొర ఆవిడకి కొత్త కాదు. మంచి గుర్తని పదిమందికి చూపించింది కూడా. ఇన్నాళ్ళూ బతికున్న నీళ్ళని ఊరంతా చెప్పిన మనిషి, అందులో బతికున్నదేమిటని మొట్టమొదటిసారి తనని తాను అడిగింది. కాపలా లేని ఇల్లన్న నర్సు మాట గుర్తొచ్చింది. సీసాని సంచీలో వేసుకుని పరుగెత్తింది.

వరండాలో అంతా చెప్పేసింది, ఒక్క ముక్క దాచకుండా. డాక్టరు తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"ఇది బూజు జాతిదైతే మేమిస్తున్న మందుకి లొంగదు. మొన్న చెప్పుంటే..." అని ఆగిపోయాడు. "ఇప్పుడు మారుస్తాను. కానీ కిడ్నీలు దెబ్బతిన్నాయమ్మా, బీపీ నిలవడం లేదు. ఎవరినైనా పిలవాలంటే పిలుచుకోండి."

పిలవడానికి ఎవరున్నారు? అక్క లోపలికెళ్ళి మంచం పక్కన నిలబడింది. చెల్లెలి మొహానికి ఆక్సిజన్ మాస్కు ఉంది. సీసాని అప్పటికే కవరులో కట్టి లాబుకి పంపేశారు. పెద్ద నర్సు కాగితం పట్టుకుని వచ్చింది.

"లాబు వాళ్ళు అడుగుతున్నారు. ఆ సీసాలో ఏమేం వేశారు?"

"బెల్లం. నీళ్ళు. నిమ్మతొక్కలు," అంది అక్క.

మాస్కు కింద చెల్లెలి పెదాలు కదిలాయి. నర్సు వంగి, మాస్కు కాస్త పక్కకి జరిపింది.

"నిమ్మ కాదు," అంది చెల్లెలు. "నారింజ."

నిజమే. ఆ సీసా పెట్టిన నెల, తొక్కలిచ్చే జ్యూస్ కొట్టతను నిమ్మకాయలు లేవని నారింజతొక్కలే ఇచ్చాడు. పెట్టిన అక్కే మరిచిపోయింది. ముక్కు సెలవు పెట్టిందన్న మనిషికి ఆ వాసన అందింది. పన్నెండు రోజులూ పదిహేనేసి అంకెలు లెక్కపెట్టిన మనిషికి మొదటి రోజు ఏడో అంకె దగ్గరే తెలిసిపోయింది.

నర్సు నిమ్మ కొట్టేసి నారింజ అని రాసుకుని వెళ్ళింది.

అక్క మంచం పట్టె పట్టుకుని నేల మీద కూలబడింది. "తెలిసీ ఎందుకు ఊరుకున్నావే?"

"ఏమో... పనిచేస్తుందేమో అనుకున్నా. నువ్వు పాడుతున్నావు కూడా."

"మరి మొన్న డాక్టరు అడిగినప్పుడు? అప్పుడైనా చెప్పొచ్చు కదే."

చెల్లెలు చాలాసేపు ఊపిరి కూడదీసుకుంది.

"నువ్వు లేదన్నావుగా."

ఆ తర్వాత ఒక పగలు బతికింది. ఇంకేమీ అనలేదు.