తేటపడిన చెరువు

కూతురు షిరీన్ పోయాక షంషాద్ పట్టిన పట్టు ఒక్కటే. మురుగుకాలువ గట్టు తెగి పేట చెరువులో కలుస్తోందని, ఆ నీళ్ళ వల్లే పిల్లకు కామెర్లు వచ్చాయని ఎవరో ఒకరు పరీక్ష చేసి చెప్పాలి. చెబితే కాలువ మళ్ళిస్తారు. కుళాయి రాని రోజున పేట పేటంతా ఆ చెరువు మీదే పడుతుంది మరి. బందరులో ఆఫీసు మెట్లు ఎక్కి దిగి, మాటలు పడి, చివరికి పరీక్షకు నీళ్ళు పట్టుకెళ్ళే మనిషిని రప్పించుకుంది.

ఆ మనిషి తేజస్విని అనే అమ్మాయి. నీళ్ళ సీసా పెట్టుకునే ఐస్ పెట్టె భుజాన వేసుకుని ఆటో దిగేసరికి చెరువు రేవు కళకళలాడుతోంది. గుర్రపుడెక్క లాగి గట్టుకు చేర్చారు. మెట్లకు రెండు పక్కలా తెల్లటి గీతలు గీశారు. షంషాద్ భర్త ఖాసిం ఉతికిన లుంగీ కట్టుకుని ఎదురెళ్ళాడు. కూతురు పోయిన తర్వాత ఆయన మనుషుల్లో తిరిగింది ఆ పొద్దునే.

తేజస్విని మెట్టు మీద వంగి, గాలి పీల్చి, ఆగిపోయింది.

“బాబాయ్ గారూ, బ్లీచింగ్ ఏమన్నా వేశారా?”

“వేశామమ్మా. తెల్లారుతూనే నేనే దిగి కలిపాను. మీరొస్తున్నారంటే మురికిగా ఎలా ఉంచుతాం?”

పక్కింటి పోలమ్మ నవ్వింది. “మంత్రిగారొచ్చినప్పుడు కూడా గట్టు మీదే చల్లారు తల్లీ! నీకైతే చెరువులోనే పోశాడు.”

ఆ అమ్మాయి నవ్వలేదు. “ఇప్పుడు సీసా నింపినా అందులో బతికున్న క్రిమి ఒక్కటీ దొరకదండీ. నీళ్ళు బాగున్నాయనే రిపోర్టు వస్తుంది. అది చూపించి కాలువ జోలికి ఇంకెవరూ రారు.”

“అయితే తియ్యొద్దమ్మా. నాలుగు రోజులాగి రా,” అంది షంషాద్.

“రావాలనే ఉందండీ. గుడివాడ, అవనిగడ్డ అన్నీ మేమే తిరగాలి. మళ్ళీ ఇటు వంతు వానలయ్యాకే.”

ఆటో వెళ్ళిపోయింది. సీసా ఖాళీగానే వెళ్ళింది.

ఖాసిం మెట్టు మీద కూలబడ్డాడు. మోచేతుల దాకా చర్మం ఎర్రగా పొక్కి ఉంది. “ఆఫీసర్లొస్తే అందరూ వేస్తారు కదా షంషాద్... ఇంకో పిల్లకి రాకూడదనీ...”

అనాల్సినవి చాలానే ఆమె నాలుక దాకా వచ్చాయి. ఆ చేతులు చూశాక ఎలా అంటుంది? పక్కన కూర్చుంది.

పోలమ్మ బిందె ముంచింది. “ఎంత తేటగా ఉన్నాయో చూడు అమ్మాయ్! ఇలాంటి నీళ్ళు చూసి ఎన్నాళ్ళయింది! ఇవాళ మనవరాలికి తాగడానికి ఇవే పోస్తాను.”

“పొయ్యి పిన్నీ,” అంది షంషాద్. “ఇవాళ మంచివే. రేపట్నుంచి మాత్రం దానికి ఈ నీళ్ళు పొయ్యకు. నీకు దణ్ణం పెడతాను.”

“అదేంటే, ఇంత బాగుంటేనూ!”

అవతలి గట్టున, తెగిన చోట, మురుగు సన్నగా చెరువులోకి దిగుతూనే ఉంది.