గోడ వైపు

నవంబరు రెండో సోమవారం, పగటి డ్యూటీ మొదలయ్యే వేళ. మగరోగుల వార్డు చివరి మంచం దగ్గర హెడ్ సిస్టరు, ఇద్దరు ఆయాలు, మంచం మీద మేస్త్రీ ఉన్నారు. సిస్టరు నాడి చూసి, గుండె బాగా నీరసించిందనీ కూతురికి కబురు పంపామనీ చెప్పి పక్క మంచానికి కదిలింది. వార్డంతా పెద్దాయా అని పిలిచే ముసలామె అప్పటికే దుప్పటి అంచు పట్టుకుని నిలబడి ఉంది.

ఆమెవి బిగువైన మణికట్లు, సబ్బునీళ్లకు ఒరిసిపోయిన వేళ్లు. పక్షవాతం వచ్చినవాణ్ణి ఒకే పక్కన ఉంచితే ఒళ్లు పుండవుతుంది. అందుకని పూటలో పలుమార్లు పక్క మార్చి తిప్పాలి. ఆ పని ఆమె చేతులకు కొట్టినపిండి. ఈ ఒక్క మంచం దగ్గర మాత్రం ఆ చేతులకు ఎక్కడలేని తొందర పుట్టుకొచ్చేది.

"అక్కా, నిన్న చర్చిలో మీ సాక్ష్యం విని మా అత్త వెక్కి వెక్కి ఏడ్చిందట. ఇంటికొచ్చి నన్ను తిట్టడం మాత్రం మానలేదు," అంది వారం సెలవు ముగించుకుని వచ్చిన చిన్నాయా.

"ఏడుపులో ఓపికంతా అయిపోతే నిన్నెవరు తిడతారే? కబుర్లాపి భుజం కింద చెయ్యి పెట్టు."

నిన్న సంఘం ముందు నిలబడి ఆమె చెప్పింది ఇదీ: ఆమె భర్త చెయ్యి మిల్లులో యంత్రం కింద పోయింది. పని చురుగ్గా సాగాలని, చేతులకు కాపుగా ఉండే దాని అడ్డురేకు తీయించినవాడు అప్పట్లో అక్కడి పనివాళ్ల మీద ఉన్న ఈ మేస్త్రీయే. విచారణలో మాత్రం, ఆమె భర్తే తాగి వచ్చాడని చెప్పాడు. జన్మలో చుక్క ముట్టని మనిషి తాగుబోతన్న పేరు మోస్తూనే మట్టిలో కలిశాడు. ఆ మేస్త్రీ ఇప్పుడు తన వార్డులోనే ఉన్నాడనీ, ప్రభువు కృపవల్ల అతణ్ణి క్షమించాననీ ఆమె ముగించగానే పాస్టరుగారు కళ్లు తుడుచుకున్నారు. క్షమించడమే విశ్వాసి ఎక్కవలసిన మెట్టనీ, ఈ తల్లి ఎక్కిందనీ అన్నారు.

ఆమె అబద్ధమాడాలనుకోలేదు. అయితే "ఆ రోజు అతను తాగలేదు" అన్న ఒక్క మాట ఆ నోట వినాలని ఆమె ఎన్నేళ్లుగానో కాచుకుని ఉంది. మేస్త్రీని వార్డుకు తెచ్చేసరికే అతని మాట పడిపోయింది. కళ్లు మాత్రం మిగిలాయి. ఆమె ఎటు పోతే అటు తిరిగేవి.

ఇద్దరూ కలిసి అతణ్ణి ఇటు తిప్పారు. చిన్నాయా చొక్కా ఎత్తి ఉలిక్కిపడింది.

"ఇదేంటక్కా! ఎడమ తుంటి ఇలా కమిలిపోయింది? ఎప్పుడూ గోడ వైపే పడుకోబెడుతున్నారా ఏంటి?"

"రాత్రి డ్యూటీ వాళ్లు సరిగ్గా తిప్పరేమో," అంది పెద్దాయా.

"నిద్రమొహాలు! ఇవాళ వాళ్ల సంగతి సిస్టరమ్మతో తేల్చేస్తా ఉండండి," అంటూ చిన్నాయా బేసిన్ తీసుకుని వెళ్లిపోయింది.

పెద్దాయా తడిగుడ్డతో నేల తుడవడం మొదలుపెట్టింది. తుడిచినచోటే మళ్లీ తుడిచింది. బకెట్టు నీళ్లు పారబోసి, కొత్తవి పట్టి, అవీ పారబోసింది. రోజూ పగలంతా ఆ కళ్లను గోడకు తిప్పి ఉంచింది తానే. కాస్త కదలగలిగే ఎడమ చెయ్యి ఒంటి కింద నలుగుతున్న సంగతి తెలిసీ తిప్పింది. నోరు క్షమించానని అందరికీ చెప్పుకుంటే చేతులు తమ లెక్క తాము తేల్చుకుంటూ వచ్చాయి. ఆమెను అంతకన్నా కలవరపెట్టింది మరొకటి. తప్పు తనమీదికి వచ్చిన క్షణంలో, ఎదురుగా లేని మనిషి మీదికి దాన్ని నెట్టేయడానికి ఆమెకు రెప్పపాటు కూడా పట్టలేదు. మేస్త్రీకి కూడా ఆ రోజు ఇంత సులువుగానే వచ్చిందా మాట?

గుడ్డ వదిలేసి ఆమె సిస్టరు గదికి దాదాపు పరుగెత్తింది. చిన్నాయా అప్పటికే చెబుతోంది.

"దాని మాట పట్టించుకోకండి సిస్టరమ్మా. రాత్రివాళ్ల తప్పేం లేదు. నేనే. కావాలనే గోడకి తిప్పాను."

సిస్టరు కళ్లద్దాల మీదుగా చూసింది.

"మీరా, పెద్దాయా? తర్వాత మాట్లాడదాం. ముందు పోయి మందు రాయండి."

ఆమె కమిలిన చోట తుడిచి, మందు రాసి, మేస్త్రీని వార్డు వైపు తిప్పి, వీపు వెనక దిండు ఆనించింది. ఇన్నాళ్లూ తప్పించుకున్న ఆ చూపుకు ఎదురుగా మోకాళ్లూని కూర్చుంది.

"మేస్త్రీగారూ, ఈ పుండు నా చేతిదే. నన్ను క్షమించండి." నలిగిన ఎడమ చెయ్యి తీసి దుప్పటి మీద పెట్టింది. "మీరు నాకేం చెప్పక్కర్లేదు. నేనిక అడగను."

ఎడమ చెయ్యి దుప్పటి మీద కొద్దిగా జరిగింది. అది తనవైపు జరిగిందో, తిమ్మిరెక్కి ఊరికే కదిలిందో ఆమెకు తెలియలేదు. తెలియాలని పట్టుబట్టలేదు కూడా. చెంచాతో నీళ్లు పట్టింది. మధ్యాహ్నం భోజనాల బండి గడగడలాడుతూ వార్డు దాటేలోపు, కళ్లు తెరిచి ఉండగానే మేస్త్రీ ఊపిరి ఆగిపోయింది.

కూతురు సాయంత్రానికి వచ్చి పెద్దాయాను అడిగింది.

"పోయేముందు ఏమన్నా అన్నారా, అమ్మా?"

"మాట లేదు కదమ్మా. ఇటే చూస్తూ పోయారు."

"నాన్న మీకు ముందే తెలుసా?"

ఆ ప్రశ్నకు జవాబు పెద్దాయా నోట్లో ఏళ్ల తరబడి నానుతూనే ఉంది.

"మా ఆయనా మీ నాన్నగారూ ఒకే మిల్లులో కలిసి పనిచేశారమ్మా," అని సంచి అందించింది.

తువ్వాలు, కళ్లద్దాలు, దుప్పటి సంచిలో సర్దుకుని, సామాను అప్పగింత కాగితం మీద కూతురు సంతకం పెట్టింది. దాని కింద పెద్దాయా ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కుంటూ తన సంతకం చేసింది. సిస్టరు దాన్ని నాలుగు మడతలు పెట్టి సొరుగులో పడేసింది.

ఖాళీ మంచం పక్కన, స్టూలు మీది గాజుగ్లాసులో, నీళ్ల అడుగున, ఎవరూ సర్దని మేస్త్రీ కట్టుడుపళ్లు కొద్దిగా తెరుచుకుని ఉన్నాయి.