జాలీ కడిగేవాడు

లతీఫ్ ముందు ఏటి నీళ్లు లోపలికొచ్చే వాల్వు మూశాడు. ఆ తర్వాతే ఇంజను పక్కనున్న డబ్బా మూత విప్పి, లోపలి జాలీని రెండు చేతులా పైకి లాగాడు. నిన్నటి ట్రిప్పుల్లో ఏరు తెచ్చి నింపిన సరుకంతా అందులో ఉంది: నాచు, గుర్రపుడెక్క వేళ్లు, గుట్కా ప్యాకెట్ల ముక్కలు, వేలెడంత చేప. అదంతా తట్టలోకి దులిపి, అరిగిపోయిన పళ్ల బ్రష్షుతో జాలీ కన్నాలు రుద్దసాగాడు.

సోమశిల రేవులో ఆ లాంచీ ఎక్కేవాళ్లకు ఇంజను ఉందని తెలుసు గాని, అది ఏటి నీళ్లతోనే చల్లబడుతుందనీ, ఆ నీళ్లు ఈ జాలీ గుండానే పోవాలనీ తెలియదు. తెలియాల్సిన అవసరమూ లేదు. పైన చక్రం పట్టిన పోచయ్యతో ఫోటోలు దిగుతారు. కింద బురదలో కూర్చున్న లతీఫ్‌తో ఎవరు దిగుతారు? ఆ ముసలి ఇంజనుది దినదిన గండం, నూరేళ్లాయుష్షు. ఆ ఆయుష్షు పోసేది మాత్రం ఇతనే. సన్నటి మనిషి, నూనె ఇంకి నల్లబడ్డ గోళ్లు. ఒడ్డున నడిచేటప్పుడు కూడా నడుము వంగే ఉంటుంది. ఇంజను గది కప్పు ఎత్తు అంతే మరి.

రుద్దుతుంటే ఎడమ భుజం నుంచి మోచేతి దాకా మళ్లీ లాగింది. అది తగ్గేదాకా కళ్లు మూసుకుని కూర్చున్నాడు.

పొద్దున ఇంట్లోంచి బయల్దేరుతుంటే భార్య అమీనా తలుపుకు అడ్డం నిలబడింది.

"రాత్రంత రొమ్ము పట్టుకొని కూసుంటివి. ఇయ్యాల కొల్లాపూర్ దవాఖానకు పోదామన్నవు గద?"

"పోదాం. గీ ఒక్క ట్రిప్పు కొట్టొస్త."

"నువ్వు లేకుంటె లాంచీ నడువదా?"

"నడుస్తది. గని ఇయ్యాల పుష్పమ్మ వదినె పోతాంది అండ్ల."

అమీనా పక్కకు జరిగింది.

పుష్పమ్మ పోచయ్య భార్య. చనిపోయి మూడు రోజులైంది. భర్తకు సద్ది కట్టిన ప్రతిసారీ లతీఫ్ కోసం ఒక జొన్నరొట్టె ఎక్కువ కట్టిన మనిషి. "మరిదీ, కారం సరిపోయిందా?" అని అడిగి మరీ గిన్నె తీసుకునేది. ఆమె అస్థికలను పోచయ్య తన లాంచీలోనే తీసుకెళ్లి నడి ఏట్లో కలపబోతున్నాడు. గుర్రపుడెక్క ఇంతగా పట్టిన ఏట్లో ఇంజను వేడెక్కి మొరాయిస్తే, చేతిలో కుండ పట్టుకుని ఆయన ఏం కావాలి? ఈ ట్రిప్పు సాఫీగా జరిగితే చాలు. నొప్పిదేముంది, సాయంత్రం దాకా ఆగదా అనుకున్నాడు లతీఫ్.

అస్థికలు కలిపేటప్పుడు ఇంజను ఆపడం ఆ లాంచీలో రివాజు, పూలు జాలీకి పట్టకుండా. పైనున్నవాళ్లకు కిందివాడు కనపడడు కాబట్టి లతీఫ్ ఇనుప గొట్టం మీద ఒక దెబ్బ కొడితే పోచయ్య ఇంజను ఆపుతాడు. పూలు దూరం పోయాక రెండు దెబ్బలు కొడితే మళ్లీ నడుపుతాడు.

చుట్టాలు ఎక్కారు. లాంచీ రేవు దాటిందో లేదో, పుష్పమ్మ చెల్లెలు యాదలక్ష్మి ఒడిలోని పూలపొట్లం విప్పింది. ఏట్లోకి దిగగానే గంగమ్మకు పూలు వేయడం వాళ్లింటి అలవాటు. "అక్కా" అని ఏడుస్తూ బంతిపూలు, గులాబీ రేకులు దోసిళ్లతో జారవిడిచింది. ఏడ్చే మనిషిని ఎవరు ఆపుతారు?

కింద లతీఫ్‌కు ముందు ఇంజను చప్పుడు మారినట్టనిపించింది. చెయ్యి పెడితే నీళ్ల గొట్టం కాలింది. జాలీకి ఏదో పట్టింది. కిటికీలోంచి ఏటి నడుమ ఇంకెంత దూరమో చూసి, "ఇంకొంచెం, నా తల్లీ" అని ఇంజనును బతిమాలాడు. నడుమకు రాగానే ఒక దెబ్బ కొట్టాడు.

ఇంజను ఆగింది. పోచయ్య అంచు దగ్గరికి వచ్చి, కుండ మీది గుడ్డ విప్పి, అస్థికలు పూలతో పాటు నీళ్లలో కలిపాడు. "పోయిరా పుష్పా" అన్నాడు. తిరిగొచ్చి చక్రం దగ్గర నిలబడ్డాడు.

రెండు దెబ్బలు వినపడలేదు.

"పోదాం బావా, ఎండ కొడ్తాంది" అంది యాదలక్ష్మి.

"జర ఆగు. పూలు దూరం పోవాలె. లతీఫ్ భాయ్ చూస్తాండు. మీ అక్క అంటె ఆయనకు పానం."

నిజానికి పోచయ్యకు ఆ నిశ్శబ్దం బాగానే ఉంది. భార్యను వదిలిన చోటి నుంచి వెంటనే కదలనక్కర్లేదు. తన కోసమే లతీఫ్ ఇంతసేపు ఆపుతున్నాడనుకుని కళ్లు తుడుచుకున్నాడు. లాంచీ మెల్లగా పక్కకు తిరిగింది. చాలాసేపటికి గాని అనుమానం రాలేదు.

మెట్లు దిగాడు. లతీఫ్ పంపు పక్కన గోడకు ఆనుకుని కూర్చున్నాడు, తల వాలిపోయి. "భాయ్" అని భుజం ముట్టుకున్న పోచయ్య, చెయ్యి తీయకుండానే పక్కన కూలబడ్డాడు.

"ఇద్దర్ని ఒక్కపారే తోలియ్యమంటవా? అమీనా చెల్లెకు నేనేమని చెప్పాలె?"

డబ్బా మూత తెరిచే ఉంది. వాల్వు మాత్రం మూసి ఉంది. లాంచీలోకి చుక్క నీరు రాలేదు. నాచు తట్టలో ఉంది. పూలు తట్టలో లేవు. పక్కన చెక్క మీద లతీఫ్ మొహం తుడుచుకునే దస్తీ పరిచి ఉంది, దాని మీద నాచులోంచి ఒక్కొక్కటే ఏరిన బంతిపూలు, గులాబీ రేకులు, ఇంకా తడి ఆరకుండా.