నడిచేవాళ్లకే

చిక్కడపల్లి సందులోని ఆ వృద్ధాశ్రమానికి సర్కారు గ్రాంటు నడవగలిగేవాళ్ల పేరు మీదే వస్తుంది. మంచాన పడితే పేరు కొట్టేస్తారు. అదేం రూలో, రాసిన మహానుభావుడు ఏనాడూ మంచాన పడలేదు కాబోలు! హనుమమ్మ మంచం పట్టి మూడు నెలలైంది. ఇరవై మందికి సులోచన ఒక్కతే ఆయా. ఒక్క మనిషి ఎన్నిసార్లని పక్కకు తిప్పుతుంది? ముసలామె వీపున పుండు పడింది. రెండో ఆయా కావాలని మేనేజర్ ఉమాకాంత్ పెట్టుకున్న అర్జీ మీద తనిఖీ ఈ రోజే. తొంభై ఆరో సంవత్సరంలో ఇదే మొదటి తనిఖీ.

"హనుమమ్మను ఐదడుగులు నడిపియ్యాలె సులోచనా. పేరు పోతే ఆమెను యాడ పెడతం? నారాయణగూడ ఫుట్‌పాత్ మీదనా?" అన్నాడు ఉమాకాంత్, చెమట తుడుచుకుంటూ.

సులోచనకు ఒళ్లు మండింది. అయినా వారం రోజులుగా ముసలామెను చంకల కింద పట్టుకుని నిలబెట్టడం అలవాటు చేసింది కూడా ఆమే. పుండుకు గుడ్డ కట్టి, ఉతికిన చీర చుట్టి కుర్చీలో కూర్చోబెట్టింది.

పదకొండింటికి తనిఖీ అధికారి రాజకుమారి వచ్చింది. పేరు పిలిస్తే ఒక్కొక్కరే లేచి, బల్ల దగ్గరికి వెళ్లి వేలిముద్ర వేయాలి.

"హనుమమ్మ!"

ముసలామె కుర్చీ పట్టుకుని లేచింది. నాలుగో అడుగుకు పెదవి కొరుక్కుంది. ఐదో అడుగుకు బల్ల అందుకుని, వేలిముద్ర వేసి, నవ్వింది కూడా!

"అందరు మంచిగ తిరుగుతున్నరు గదండీ," అంది రాజకుమారి సంతోషంగా. "ఇగ రెండో ఆయా ఎందుకు? అవసరం లేదని రాస్తున్న."

ఉమాకాంత్ మళ్లీ చెమట తుడుచుకున్నాడు. పాపం, నడిపించమన్నది తనే కదా.

సులోచన ఇక ఆగలేకపోయింది. "మేడం, జర ఆగున్రి! గీమె వీపు సూడున్రి!" అంటూ హనుమమ్మ కొంగు పక్కకు తీసింది. కట్టు నెత్తురుతో తడిసి ఉంది.

"అయ్యో!" అంది రాజకుమారి. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. కానీ చేయి మాత్రం పెన్ను అందుకుని హనుమమ్మ పేరు కొట్టేసింది. "నా చేతుల ఏం లేదమ్మా. దవాఖానకు పంపున్రి. గీమెను ఈడ ఉంచొద్దు."

"మరి రెండో ఆయా మేడం?"

"మిగిలినోళ్లు నడుస్తున్నరు గద."

హనుమమ్మ సులోచన మణికట్టు పట్టుకుంది.

"ఎందుకు జెప్పినవే బిడ్డా? నడిచిన గద!"