గాలిమర ఎత్తు

అయినా నాలుగడుగులంటే ఎంత, మనిషి గుండెల దాకా వస్తుందేమో, ఆవుకు కట్టే పలుపుతాడు కూడా అంతకంటే పొడుగుంటుంది, దానికోసం ఇంత హైరానా పడాలా అనుకుంటూ యోసేపు సర్దిన కాగితాలనే మళ్లీ సర్దాడు, పంచాయతీ ఆఫీసు రేకుల కింద మే నెల ఎండ కుతకుత ఉడికిస్తోంది, తిరువూరు నుంచి బయల్దేరిన బెజవాడ బస్సు హారను కొట్టుకుంటూ ఆఫీసు ముందునుంచే పోతోంది, పొద్దున్నే అందులో ఎక్కి పోయినా బాగుండేది, చావుకో పెళ్లికో వెళ్లానని రేపు చెప్పుకోవచ్చు, ఇప్పుడు వీల్లేదు, సర్పంచి సరోజినీదేవి గారు వచ్చి కూర్చున్నారు, కళ్లజోడు తుడుచుకుంటున్నారు, ఎదురుగా బెంచీకి ఒక చివర చాంద్‌బాషా, ఇంకో చివర అతని పక్కింటి రాయప్ప, మధ్యలో ఇద్దరు పట్టేంత ఖాళీ, బల్ల మీద ఒకే ఒక్క అర్జీ, నా దొడ్లోని గాలిమర తిరగడం లేదు కనుక స్తంభం ఇంకో నాలుగడుగులు పెంచుకొనుటకు అనుమతి ఇప్పించవలెనని, అడుగున బాషా వేలిముద్ర, పైన అక్షరాలన్నీ గుమాస్తా యోసేపువే, బాషాకు చదువు రాదు, చిన్నప్పటి నుంచి అతనికి కావలసిన కాగితమల్లా యోసేపే రాస్తాడు, నిన్న ఇదీ రాశాడు, నాలుగు అని రాయబోతుంటే కలం ఆగింది, బాషా చూశాడో లేదో, చూసినా ఏమనుకుంటాడు, సిరా అయిపోయిందనుకుంటాడు.

బాషా అలాంటివాడే, దేనికీ ఎదురు ప్రశ్న వెయ్యడు, లారీల షెడ్డులో పదిహేనేళ్లు గ్రీజులో దొర్లి, అది మానేసి దొడ్లో మామిడి అంట్లు పెంచుతానన్నప్పుడు, మొక్కల సంగతి నీకేం తెలుసురా అని యోసేపు నవ్వితే, నాకు తెలీదన్నా, మా ఆవిడ రోషన్ బీకి తెలుసు, నాకు నీళ్లు తోడ్డం తెలుసు, ఇద్దరికీ చెరో పని అన్నాడు, కరెంటు మోటారుకు అర్జీ పెట్టి రెండేళ్లయినా ఒక్క తీగ వచ్చింది లేదు, అప్పుడే ఎవరో పారేసిన జీపు ఇరుసు తెచ్చాడు, ఆయిలు డ్రమ్ములు కోసి రేకులు చేశాడు, బావి పక్కన ఇనప స్తంభం నిలబెట్టి దాని నెత్తిన గాలిమర బిగించాడు, మొదటిరోజు అది గిర్రున తిరిగి బావి నీళ్లు వాటంతటవే కుండీలో పడుతుంటే రోషన్ బీ డబ్బాలో ఉన్న చక్కెరంతా తెచ్చి చూడవచ్చిన వాళ్ల చేతుల్లో పోసింది, రాయప్ప కూడా తిన్నాడు, తిని వారం తిరక్కుండా అర్జీ పెట్టాడు, గాలివానకు అది విరిగి పడితే నా పెంకుటిల్లు ఏమైపోవాలండి, పిల్లలు గలవాణ్ణి అని, ఆ మాటలో తప్పు లేదు, ఇంటికి రూలుంది, ప్రహరీకి రూలుంది, పెంటకుప్పకు కూడా ఉంది, గాలిమరకు లేదు, ఎవరు మాత్రం అనుకున్నారు ఇలాంటిదొకటి వస్తుందని, సర్పంచి గారు యోసేపునే రాసుకురమ్మన్నారు, ఒక్క సాయంత్రంలో రాశాడు, ఇంటి ఆవరణలో నిలుపు గాలిమర స్తంభము ఎత్తు ఎంతయో పక్కవారి హద్దుకు కనీసము అంత దూరము ఉండవలెను, పడ్డా యజమాని దొడ్లోనే పడుతుంది, ఎంత న్యాయమైన రూలు, ఇప్పటికీ అందులో ఒక్క అక్షరం మార్చక్కర్లేదు, స్తంభం నుంచి రాయప్ప కంచెకు టేపు పట్టి చూస్తే ముప్పై అడుగులు, ఇక తేలవలసింది ఎత్తు ఒక్కటే, ఎత్తు తేల్చడంలో ఈ చుట్టుపట్ల యోసేపును మించినవాడు లేడు, పందొమ్మిదేళ్లుగా నిచ్చెన ఎక్కకుండా, చెట్టు ఎక్కకుండా, ఒక్క గొడుగుతో కొలిచాడు, గొడుగును నిటారుగా నిలబెట్టడం, దాని నీడ సరిగ్గా గొడుగంత పొడుగయ్యేదాకా కాచుకోవడం, ఆ నిమిషంలో తాడిచెట్టు నీడ తాడిచెట్టంత, మేడ నీడ మేడంత, నేల మీద టేపు పరిస్తే చాలు, గొడుగు యోసేపు అని పేరే పడిపోయింది, ఆ పేరు వింటే లోపల ఎంత బాగుండేది.

బాషా స్తంభం కొలిచిన రోజు మాత్రం ఆ ఇంటి అరుగు మీద కూర్చోకుండా ఉండవలసింది, అన్నయ్యా ఆ మట్టిలో ఎందుకండీ, ఇలా సిమెంటు అరుగు మీద కూర్చోండి, టీ పెడతాను అంది రోషన్ బీ, అరుగు చల్లగా ఉంది, టీలో యాలక్కాయ కూడా వేసింది, ఎప్పుడూ కొలిచేదాని పక్కన నేల మీదే నిలబెట్టే గొడుగును ఆ రోజు అరుగు మీదే నిలబెట్టాడు, చుట్టూ మూగిన జనం చూస్తుండగా, నీడ సరిపోగానే ఆఁ అని కేకేశాడు, దొడ్లో ఉన్న బాషా స్తంభం నీడ కొసన మేకు దిగ్గొట్టాడు, టేపు పెడితే ముప్పై నాలుగు, నాలుగడుగులు ఎక్కువుందిరా బాషా, నేను చేసేదేముంది, రూలు రూలే, బాషా మేకు వంక చూశాడు, స్తంభం వంక చూశాడు, యోసేపు మొహం వంక చూశాడు, సరే అన్నా అన్నాడు, మర్నాడే స్తంభం వాల్చి నాలుగడుగుల ముక్క కోసేసి మళ్లీ నిలబెట్టాడు, అంతే, గాలిమర రాయప్ప చింతచెట్టు చాటుకు దిగిపోయింది, రేకులు కదిలేవి, తిరిగేవి కావు, పదిరోజుల తర్వాత చూడబోయిన యోసేపుకు రోషన్ బీ కుండీ కడిగి పారబోసిన నీళ్లు కనిపించాయి, ఆ నీళ్లు ఒక్కచోట ఆగకుండా, చెప్పులు తడిపేసి, జరజరా వాగు వైపు పాకిపోయాయి, దొడ్డంతా అటు పల్లం, నీడ పల్లంలోకి జారి సాగింది, గొడుగు మాత్రం పీట వేసినట్టు సమంగా ఉన్న అరుగు మీద ఉంది, అంటే ఆ పల్లం లెక్క తీసేస్తే స్తంభం ముందునుంచీ ముప్పై అడుగులే, ఇప్పుడున్నది ఇరవై ఆరు, చెప్పులు తడిసిన చోటే యోసేపుకు ఇదంతా తెలిసిపోయింది, ఆ నిమిషాన చెప్పి ఉంటే నవ్వులతో పోయేది, ఒరే బాషా తప్పు కొలిచాన్రా అంటే పోయేదేముంది, కానీ గొడుగు మాట విని మేడ మెట్లు కొట్టేసుకున్నవాళ్లు గుర్తొచ్చారు, ప్రహరీ దించుకున్నవాళ్లు గుర్తొచ్చారు, ఒక్కటి తప్పంటే పందొమ్మిదేళ్లూ వరసగా ఆఫీసు గుమ్మంలోకి వచ్చి నిలబడతాయి, రేపు చెబుదాం, ఆదివారం చర్చి నుంచి వచ్చాక చెబుదాం, ఆదివారాలు ఎనిమిది పోయాయి, రోషన్ బీ అరచేతులకు గుడ్డ చుట్టుకుని చేంతాడుతో నీళ్లు తోడుతోంది, ఏడొందల అంట్లు, బొక్కెనకు ఎన్ని తడుస్తాయి, కింద వరసలు ముందు ఎండాయి, తర్వాత మధ్య వరసలు, రెడ్డిగూడెం నుంచి అంట్లు కొనే తోటలవాళ్లు వచ్చి ఆకులు నలిపి చూసి, చూద్దాంలేమ్మా అని వెళ్లిపోయారు, అయినా ఆమె అన్నయ్యా టీ తాగండి అనే అంటుంది, ఆ గుడ్డ చుట్టిన చేతులతోనే గ్లాసు ఇస్తుంది.

ఏమయ్యా యోసేపూ, పలకవేం, ఎత్తు ఇప్పుడెంతుంది అంటున్నారు సరోజినీదేవి గారు, ఎన్నిసార్లు అడిగారో, ముప్పై అని నోట్లోంచి జారిపోయింది, ఇరవై ఆరు అనడానికే నోరు తెరిచాడు, వచ్చింది ముప్పై, ముప్పై నాలుగులోంచి నాలుగు తీస్తే అంతే కదండీ అని కూడా అన్నాడు, ఎందుకన్నాడు, మరింకే, పెంచితే హద్దు దాటుతుంది కదండి అని రాయప్ప అందుకున్నాడు, పెంచవయ్యా, నా చింతచెట్టు మీదెక్కించి కట్టుకో, కాయలు రాల్చుకోడానిక్కూడా పనికొస్తుంది, బాషా నవ్వాడు, నీ చెట్టు కాయలు పులుపు కూడా ఉండవు భాయ్ అన్నాడు, సర్పంచి గారు నవ్వలేదు, ఆవిడ మొన్నమొన్ననే ఇంట్లో బోరు వేయించారు, పైపుల సంగతి వేళ్ల మీద ఉంది, ఆగండాగండి, కొట్లో ఇచ్చే పైపు ఇరవై అడుగులుంటుంది, నువ్వెన్ని వేశావు బాషా, యోసేపు అప్పుడే లెక్క కట్టేసుకున్నాడు, ఆ స్తంభానికి ఒక్కటే అతుకు, ఇరవై దగ్గర, పైన వేసింది సగం పైపే, ఎవరు వెళ్లి చూసినా ఒక్కటే అతుకు, ఒకటిన్నర పైపంటే కొయ్యక ముందే ముప్పై, అయిపోయింది, ఇక్కడే ఈ బల్ల ముందే అయిపోయింది, బాషా బెంచీ మీంచి లేచాడు, తలపాగా గుడ్డ భుజాన వేసుకున్నాడు, ఒకటిన్నరండి, దాని మీద ఇంకో నాలుగడుగుల ముక్క అతికించానండి, మిగిలింది ఉంటే పారెయ్యడమెందుకని, అందుకే ఎక్కువైంది, యోసేపన్న కొలతలో పొరపాటు లేదండి.

అతికించిన ముక్క లేదు, ఎప్పుడూ లేదు, లారీ కింద పడుకుని నట్టు చూడకుండానే దాని సైజు చెప్పేవాడు బాషా, తన చేత్తో కోసి, తన చేత్తో వెల్డింగు పెట్టిన పైపు ఎంతో వాడికి తెలియకుండా ఎలా ఉంటుంది, తెలుసు, మేకు కొట్టిన రోజే తెలుసు, మేకు వంకా స్తంభం వంకా చూసి ఆఖర్న తన మొహం వంక చూసింది అందుకే, అరుగు చుట్టూ అంతమంది నిలబడి ఉండగా నీ కొలత తప్పన్నా అనలేక, చిన్నప్పటి నుంచి తన కాగితాలు రాసిపెట్టినవాణ్ణి నలుగురిలో నవ్వులపాలు చెయ్యలేక, సరే అన్నాడు, నిన్న నాలుగు దగ్గర కలం ఆగినప్పుడు కూడా తల దించుకుని ఊరుకున్నాడు, ఇరవై ఆరండి, అన్నాడు యోసేపు లేచి నిలబడి, ఇప్పుడున్నది ఇరవై ఆరు, ముందున్నది ముప్పై, ఆ ముక్క సంగతి అబద్ధమండి, తప్పు నాది, మొదటినుంచీ నాదే, సర్పంచి గారు కళ్లజోడు తీసేశారు, బాషా ఎందుకన్నా అన్నట్టు తల అడ్డంగా ఊపుతున్నాడు, రేపే స్తంభం లేస్తుంది, గాలిమర తిరుగుతుంది, మిగిలిన మూడొందల మొక్కలకు నీళ్లందుతాయి, ఆ నాలుగొందలకు అందవు, ఈ రెండు నెలలూ తన పేరు తన మౌనం వల్లే నిలబడి ఉందని యోసేపు భయపడుతూ గడిపాడు, అది నిలబడింది బాషా తన మొక్కల్ని ఎండబెట్టుకున్నందువల్ల, అడిగి ఉంటే వాడు ఒక్క మొక్క కూడా ఎండకుండానే క్షమించి ఉండేవాడు.