ఎదురు బోల్టు

నలభై ఐదో ఏట జైపాల్ మేడ్చల్ ఫ్యాక్టరీలో ఆవిరి పైపుల పని నేర్చుకోవడానికి చేరాడు. అంతకుముందు శామీర్‌పేట చెరువులో చేపలు పట్టేవాడు. పని నేర్పే అన్వేష్‌ది అతని కొడుకు ఈడు.

రెండు పైపులను కలిపే ఎనిమిది బోల్టులనూ జైపాల్ వరసగా బిగించాడు. ఆవిరి వదలగానే అతుకు ఓ పక్క బుస్సుమంది. ఇవాళ ఇది రెండోసారి.

“ఎన్నిసార్లు చెప్పాలె కాకా? ఒకటి బిగిస్తే దానికి ఎదురుది బిగియ్యాలె. వరసగ పోతే ఒక్క దిక్కే ఒరుగుతది.”

“చేతులు ఇంటలేవు బిడ్డా. ముప్పై ఏండ్ల సంది వలకు వరసగనే ముడులేసినయి.”

ఆవిరి కట్టేసి, పైపు చల్లారాక, జైపాల్ సుద్దముక్కతో బోల్టులకు అంకెలేసుకుని మళ్లీ బిగించాడు. ఈసారి అతుకు నిలిచింది.

ఇంటికొచ్చి, నడుం లాగేస్తున్నా, చిరిగిన వల ముందేసుకున్నాడు. చిరుగుకు ఈ అంచున ముడి వేయగానే వేళ్లు వరసలో పక్క ముడికి పోకుండా, వాటంతటవే ఎదురు అంచుకు పోయాయి.

జైపాల్ వలను మూలకు విసిరికొట్టాడు.