మామయ్యగారి ముక్కు

మా మామయ్యగారు మామిడిపళ్ల వ్యాపారి. నాకు మామిడిపండంటే పడదు. పెళ్లికి ముందు ఈ సంగతి ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

మామిడిపండు తింటే సెగగడ్డలు లేస్తాయని మా అమ్మ నమ్మకం. అందుకని మేం అరటిపళ్లు తిని పెరిగాం. అత్తారింట్లో మంచాల కింద కూడా మామిడిపళ్లే. ఆ వాసన నాకు జలుబు మందులా ఉండేది. మొదటి వేసవి అంతా ముక్కు మూసుకుని కాపురం చేశాను. నోరు తెరిచి ఏమీ అనకపోయినా నా మొహం అంతా చెప్పేసేది. "ఈ పిల్ల మొహంలో ఏదీ దాగదు" అని మా అత్తయ్యగారు వచ్చినవాళ్లందరికీ చెప్పేవారు, అదో జబ్బయినట్టు.

పళ్ల బజారులో మామయ్యగారి కొట్టుకి బోర్డు లేదు. ఆయన ముక్కే బోర్డు. పండు తీసి, తొడిమ దగ్గర వాసన చూసి "ఇవాళ తినొచ్చు" అనో, "ఎల్లుండి" అనో, "దండగ" అనో తేల్చేసేవారు. ఆ తర్వాత కోసి చూపించమని ఎవరూ అడిగేవారు కాదు. ఆయనకున్నదల్లా ఆ మాట మీద జనానికున్న నమ్మకమే.

పోయిన చలికాలం ఆయనకి గట్టి జ్వరం వచ్చి తగ్గింది. వేసవి మొదట్లో ఓ మధ్యాహ్నం క్యారేజీ ఇవ్వడానికి కొట్టుకెళ్లాను. ఆయన ఒక పండు వాసన చూసి, ఎదుట నిలబడ్డ మనిషితో "తేనె" అన్నారు. పండు పులిసిపోయిందని నాకు గుమ్మంలోనే తెలిసింది. నా మొహం చూసి ఆయన ఆ పండు పక్కన పడేసి, "ఇది కాదులెండి, ఇంకోటిస్తా" అన్నారు.

ఆ మనిషి వెళ్లాక మామయ్యగారు క్యారేజీ మూత తియ్యకుండా కూర్చున్నారు.

"జ్వరంతో పాటు ముక్కు కూడా పోయింది అమ్మాయ్. మీ అత్తయ్యకి కూడా తెలీదు. బయటపడితే ఇక్కడ గోడలు తప్ప ఏమీ మిగలదు. రేపట్నుంచి వచ్చి నా పక్కన కూర్చో."

"నాకు మామిడిపండు పడదు మామయ్యా."

"మరీ మంచిది. పడనివాళ్లకే వాసన ముందు తెలుస్తుంది."

గుర్తు కూడా ఆయనే పెట్టారు. పండు నా ముందునుంచి తీసుకెళ్తారు. బాగుంటే నేను దగ్గాలి. కొన్నాళ్లు బాగానే సాగింది. ఒకరోజు గంపలోని ఎండుగడ్డి దుమ్ము గొంతులోకి పోయి ఆగకుండా దగ్గాను. ఆ పూట మామయ్యగారు కొట్లో ఉన్న ప్రతి పండునీ మెచ్చుకున్నారు, కుళ్లినవాటితో సహా. సాయంత్రం ఓ పెద్దావిడ తను కొన్న కుళ్లిన పండు తెచ్చి ఆయన ముందు పెట్టి వెళ్లిపోయింది. ఆయన ఆ పండుని అటూ ఇటూ తిప్పుతూ ఉండిపోయారు.

"ఇంక దగ్గొద్దు. నీ మొహం చూస్తే చాలు" అన్నారు మర్నాడు.

కుళ్లింది కనిపెట్టగలను గానీ, ఇవాళ్టిదేదో ఎల్లుండిదేదో మొహంతో చెప్పాలంటే ముందు నాకు తెలియాలి. కొట్టు ఖాళీగా ఉన్నప్పుడల్లా ఆయన నేర్పడం మొదలుపెట్టారు. తొడిమ దగ్గర పచ్చిగడ్డి వాసనొస్తే ఆగాలి. వాసనే లేకపోతే మందు పెట్టి మగ్గబెట్టినట్టు. నేను అన్నిటికీ "జలుబు మందు" అనే చెప్పేదాన్ని. ఆయన విసుక్కోకుండా ఇంకోటి అందించేవారు.

ఒకరోజు చిన్నరసం రకం పండొకటి ఇచ్చారు. వాసన చూసి, మళ్లీ చూశాను.

"ఏంటి?"

"నిమ్మతొక్క గిల్లినట్టుంది మామయ్యా. దాని వెనకాల... మీగడ."

"మీగడ" అన్నారాయన మెల్లగా. "అవును. వీటికి మీగడ వాసన ఉండేది." కళ్లు తుడుచుకుని, దుమ్మన్నారు.

ఆ పండు నన్నే తినమన్నారు. కొట్టు వెనక కుళాయి దగ్గర నిలబడి, మోచేతులదాకా రసం కారుతుంటే, టెంక తెల్లబడేదాకా చీకాను. ఇన్నేళ్లు నాకిది ఎవరూ చెప్పనందుకు కోపం వచ్చింది. నిజానికి అందరూ చెప్పారు. అయినా కోపం వచ్చింది. అమ్మకి మాత్రం ఫోన్ చెయ్యలేదు.

ఆ తర్వాత కొట్లో కూర్చోవడం నాకు పని అనిపించలేదు. వ్యాపారం కూడా పుంజుకుంది. ఒక ఉదయం మామయ్యగారు చేతులు కడుక్కోవడానికి వెనక్కి వెళ్లినప్పుడు పళ్లరసం కొట్టాయన నా వైపు వంగాడు.

"పెద్దాయనకి వాసన తెలీదని బజారంతటికీ మొదట్నుంచీ తెలుసమ్మా. ఆయన మీ మొహం చూస్తారు, మేమూ మీ మొహమే చూసి కొంటాం. మీరు రాని రోజు మాకు ఇబ్బందిగా ఉంటోంది. ఆయనకి మాత్రం చెప్పకండి, బాధపడతారు."

సరేనన్నాను. అతను గంప మోయించుకుని వెళ్లిపోయాడు. మామయ్యగారు తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి హాయిగా కూర్చున్నారు.

"చూశావా, ఒక్కడికైనా అనుమానం వచ్చిందా?"

"లేదు మామయ్యా."

ఆయన అలవాటు కొద్దీ నా మొహం చూశారు. చాలాసేపు చూశారు.

"ఎప్పట్నుంచి?"

"మొదట్నుంచీనట."

తువ్వాలు మడతపెట్టారు. విప్పి మళ్లీ మడతపెట్టారు. ఎదురు కొట్టువాళ్లు గంపలు దించుకుంటున్నారు.

"తెలిసీ వస్తున్నారా?"

"వస్తున్నారు మామయ్యా."

ఆయన కొత్త గంప ముందుకు లాగి, పైనున్న పండు నా చేతిలో పెట్టారు.

"అయితే ఇదెలా ఉందో నోటితోనే చెప్పు. కాస్త గట్టిగా చెప్పు, అందరూ వింటారు."

గట్టిగానే చెప్పాను.